చిల్లికి కన్నని పేరు

బ్రాడీపేట లైనులలో ఉదయము బడివేళకు బయలుదేరు బాలుని బూట్లను చూచినచో ఒక ప్రశ్న పుట్టును. లేసు దూర్చి బిగించుటకై ఆ బూట్ల అంచున వరుసగా నుండు చిన్న చిల్లులను తెలుగులో ఏమనవలెను? బాలుడు ‘హోల్’ అనును. బూట్లు బాగుచేయువాడు ‘ఐలెట్’ అనును. పండితుడు ఒక క్షణము తడబడి ‘రంధ్రము’ అని ఊరకుండును. రంధ్రమన్న మాట తప్పు కాదు. కాని గోడకు పడినదియు రంధ్రమే, కుండకు పడినదియు రంధ్రమే. ఒక పనికై కొలతపెట్టి, అంచు చెదరకుండ కుట్టియో లోహపు కట్టు వేసియో చేసిన చిల్లికి వేరొక పేరుండుట న్యాయము. అట్టి పేరు తెలుగున లేదని నిరాశపడుటకు ముందు, ఐలెట్ అను ఆ మాట పుట్టుకనే విచారించుట మంచిది.

ఆ మాట ఇంగ్లీషువారి సొత్తు కాదు. లాటిను భాషలో కంటికి ‘ఓకులుస్’ అని పేరు. అది ప్రాచీన ఫ్రెంచిలో ‘ఓయిల్’ అయినది. దానికి చిన్నదనమును తెలుపు ప్రత్యయము చేరి ‘ఓయిలెట్’ అయినది. చిన్న కన్ను అని అర్థము. మధ్యయుగమున ఆ మాట ఇంగ్లండు చేరినది. అచ్చటివారి భాషలో కంటికి ‘ఐ’ అని పేరుండుటచే, కాలక్రమమున ఓయిలెట్ కాస్తా ఐలెట్ అయినది. అరువు వచ్చిన మాటలో దాగియున్న కంటిని వారు గుర్తుపట్టి, దానికి తమ యింటి రూపమునే తొడిగిరన్న మాట. విశేషమేమనగా లాటిను ఓకులుస్, ఇంగ్లీషు ఐ, సంస్కృత అక్షి శబ్దము, ఈ మూడును ఒకే మూలమునుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

తెరపిగల చోటును కంటితో పోల్చుట ఒక్క జాతి ఊహ కాదు. సంస్కృతమున కిటికీ ‘గవాక్షము’, అనగా ఆవు కన్ను. ఇంగ్లీషు ‘విండో’ ప్రాచీన స్కాండినేవియా భాషనుండి వచ్చినది. దానికి గాలి కన్ను అని అర్థము. అందరును కంటినే చూచిరనియు చెప్పరాదు. సూది బెజ్జమును తమిళులు ‘కాదు’ అందురు, అనగా చెవి. జర్మనులును రష్యనులును అక్కడ చెవినే చూచిరి. ఇంగ్లీషువారు మాత్రము సూదికి కన్ను పెట్టిరి. ఒకే చిల్లిని ఒకరు కన్నుగా, వేరొకరు చెవిగా చూచుటలోనే భాషల అందమున్నది.

ఇక తెలుగువారి చూపు ఎట్టిది? కొబ్బరికాయకు మూడు కన్నులు. తాటికాయలోని ముంజెలు కన్నులే. చెరకు గడ కణుపున మొలక వచ్చు చోటు కన్ను. రైతు ముచ్చెలు నరకునప్పుడు కన్నులు లెక్కపెట్టి నరకును. నెమలి ఈకకు కన్నున్నది. జల్లెడకు కన్నులున్నవి. బాపట్ల, చీరాల తీరమున వల అల్లువారు ఏ చేపకు ఎంత కన్ను కావలెనో ఎరుగుదురు. తాడునకును తాడునకును నడుమగల ఖాళీని కన్ను అన్న జాతికి, తాడు దూరు చిల్లిని కన్ను అనుట కష్టము కానేరదు.

మరియొక మాటయు సిద్ధముగనే యున్నది. అది బెజ్జము. సూదికి బెజ్జము, పూసకు బెజ్జము, కమ్మ పెట్టుకొను చెవికి బెజ్జము. గుంటూరు మిర్చి టిక్కీల మూతులు కుట్టు దబ్బనపు బెజ్జములో పురికొస దూరును. ఏదో ఒకటి దూర్చుటకై తొలిచిన చిల్లికి బెజ్జమే సరియైన పేరు. అయితే ఒక జాగ్రత్త అవసరము. ధ్వని దగ్గరగా నున్నదని ‘కన్నము’ను ‘కన్ను’కు బిడ్డగా నిర్ణయించుట తొందరపాటు. ఉచ్చారణ పోలికయే చుట్టరికమునకు రుజువు కాదు.

అరువు మాటలను తరిమివేయవలెనని దీని భావము కాదు. చొక్కా బొత్తాము దూరు చిల్లిని దర్జీలు ‘కాజా’ అందురు. అది పోర్చుగీసు వారి ‘కాసా’. ఇల్లు అని అర్థము. బొత్తామును పోర్చుగీసు మాటయే. ఇంటితో సహా ఇల్లాలు వచ్చినట్లు ఆ రెండును కలిసి వచ్చి, తెలుగు దర్జీ నోట తెలుగు మాటలై నిలిచినవి. తాపేశ్వరపు కాజాకు మాత్రము ఈ కాజాతో ఎట్టి బంధుత్వమును లేదు.

బాధింపదగినది వేరొకటి కలదు. విద్యార్థి పుస్తకములలో నేర్చు తెలుగున చేతిపనుల చిన్న వస్తువుల పేర్లు చోటు చేసికొనుట అరుదు. అవి పనివాని నోట పుట్టి, ఆ పని మూతపడిననాడు అతనితోనే పోవును. పిమ్మట ఆ విద్యార్థియే తెలుగున మాటలు లేవని తీర్పు చెప్పును. ఈ నష్టమును ముందుగా గుర్తించినవారిలో 1928లో ఒంగోలున జన్మించిన భద్రిరాజు కృష్ణమూర్తి ఒకరు. ఆయన సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదములతోను, 1971లో చేనేత పదములతోను మాండలిక వృత్తి పదకోశములను ప్రకటించినది. ఆ మాటలు గ్రంథములనుండి ఏరినవి కావు. రైతులను, నేతవారిని అడిగి వ్రాసికొన్నవి.

ఆ పని చేయుటకు అకాడమీయే కానక్కరలేదు. ఒక ఉపాధ్యాయుడు ఒక తరగతి బాలురను నోటుపుస్తకములతో వీధిలోని దర్జీ యొద్దకు, బూట్లు కుట్టువాని యొద్దకు, వీలైనచో మంగళగిరి మగ్గము యొద్దకు పంపిన చాలును. ఒక్కొక్క పనిముట్టు పేరు అడిగి, చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని రావలెను. అరువు మాట దొరికినను వ్రాయవలసినదే. కాజా చరిత్ర వంటిది దానికిని ఉండవచ్చును. బూటు చిల్లికి ‘పాశరంధ్రము’ వంటి సమాసమును కల్పించినచో దానికి మరల అర్థము చెప్పవలసి వచ్చును. బూటు కన్ను అన్నను, బూటు బెజ్జము అన్నను తెలుగు బాలునకు వేరు వ్యాఖ్యానము అవసరము లేదు. ఫ్రెంచి మాటలోని కంటిని ఇంగ్లీషువాడు గుర్తుపట్టెను. తన మాటలోని కంటిని తెలుగు విద్యార్థి గుర్తుపట్టునట్లు చేయుట ఉపాధ్యాయుని చేతిలోని పని.