‘టు లెట్’ పలక వెనుక మూసిన తలుపు

గేటుకు ‘టు లెట్’ పలక వేలాడుతూనే ఉంది. ఫోనులో ఇంటి యజమాని ఎంతో ఆదరంగా మాట్లాడారు. “రెండు గదులు, వంటిల్లు, బోరు నీళ్లు ఉన్నయి సార్, వచ్చి చూసుకోండ్రి” అన్నారు. అద్దె కుదిరింది. చివరగా పేరు అడిగారు. నా మిత్రుడు చెప్పాడు. క్షణకాలం మౌనం. “మా అన్న కొడుకు వస్తనంటున్నడు సార్, ఇంట్ల అడిగి చెప్త.” ఆ తర్వాత ఫోను రాలేదు. పలక మాత్రం మరో నెల అక్కడే ఉంది.

బదిలీపై ఆసిఫాబాద్ వచ్చిన ఆ ఉపాధ్యాయుడు చివరకు కాగజ్‌నగర్‌లో కాపురం పెట్టి రోజూ ప్రయాణం చేస్తున్నాడు. ఈ అనుభవం ఆయన ఒక్కడిదే కాదని ఈ పత్రిక పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

నిజాం కాలంలో కొంతకాలం జిల్లా కేంద్రంగా వెలిగిన ఆసిఫాబాద్, 2016 అక్టోబర్ 11న కుమురం భీం జిల్లాకు కేంద్రమైంది. కార్యాలయాలు వచ్చాయి, ఉద్యోగులు వచ్చారు. ఇళ్లు మాత్రం ఆ వేగంతో పెరగలేదు. సహజంగానే అద్దెలు పెరిగాయి. ఈ భారం అందరిదీ. కానీ ముస్లిం కుటుంబంపై మరొక భారం కూడా పడుతోంది. ఊళ్లో ఇరవై ఇళ్లు ఖాళీగా ఉంటే అతనికి తెరుచుకునేవి నాలుగైదే. ఆ నాలుగైదింటి కోసం మనవాళ్లే పోటీ పడతారు. నెలకు వెయ్యి రూపాయలు అదనంగా పోయినా ఏడాదికి 12,000. అది ఒక బిడ్డ చదువు ఖర్చు. ఏ చట్టమూ విధించని ఈ పన్నును మనం మౌనంగా చెల్లిస్తున్నాం.

2024 సెప్టెంబరులో, ఒక ఆదివాసీ మహిళపై జరిగిన ఘాతుకం అనంతరం జైనూరులో దుకాణాలు, ఆస్తులు తగులబడ్డాయి. ఆ సోదరికి సంపూర్ణ న్యాయం జరగాలి. అందులో రెండో మాటకు తావు లేదు. అయితే ఒకరిపై మోపబడిన నేరానికి ఒక సమాజమంతా సంజాయిషీ చెప్పుకోవలసి రావడం న్యాయం కాదు. ఇల్లు అడగబోయిన సామాన్యుడి వెంట ఆ నీడ నడుస్తోంది.

సొంత ఇల్లు కట్టుకోవచ్చు కదా అని కొందరంటారు. ఏజెన్సీ గ్రామాల్లో 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ ప్రకారం గిరిజనేతరులు భూమి కొనరాదు. ఆదివాసీ భూమిని కాపాడే ఆ చట్టం న్యాయమైనది. దాన్ని మనం గౌరవించాలి. కనుకనే అక్కడ నివసించే గిరిజనేతర పేదకు అద్దె ఇల్లే ఆధారం. ఆ ఆధారం మతాన్ని బట్టి తెగిపోకూడదు.

సచార్ కమిటీ 2006లోనే ముస్లింలకు ఇల్లు అద్దెకు దొరకడంలోని కష్టాన్ని నమోదు చేసింది; సమాన అవకాశాల కమిషన్ కావాలని సూచించింది. ఆ కమిషన్ నేటికీ ఏర్పడలేదు. రాజ్యాంగంలోని 15వ అధికరణం దుకాణాలలో, హోటళ్లలో, బావుల వద్ద వివక్షను నిషేధించింది. అద్దె ఇంటి మాట అందులో లేదు. 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది, రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి అన్నది. వివక్ష గురించి మౌనం వహించింది. అమెరికా, బ్రిటన్ దేశాలు 1968లోనే ఇళ్ల విషయంలో జాతి వివక్షను చట్టవిరుద్ధం చేశాయి. చట్టంతో మనసులు మారవు, నిజమే. కానీ కాదన్నవాడు జవాబు చెప్పుకోవలసిన స్థితి ఏర్పడుతుంది.

కాబట్టి రాష్ట్ర ప్రభుత్వాన్ని మనం అడగవలసినవి రెండు. అద్దె చట్టంలో మతం, కులం పేరిట నిరాకరణను నేరుగా నిషేధించాలి. జిల్లా కేంద్రాల్లో ఉద్యోగుల కోసం, పేదల కోసం ప్రభుత్వమే అద్దె గృహాలు నిర్మించి, అందరికీ ఒకే వరుసలో కేటాయించాలి.

మనల్ని మనం అడగవలసిన ప్రశ్న కూడా ఒకటుంది. బయట తలుపులు మూసుకున్నాయని తెలిసి, మన మొహల్లాలో అద్దె పెంచే ఇంటి యజమాని మనవాడు కాదా? సాటివాడి నిస్సహాయతను సొమ్ము చేసుకుంటూ బయటివారి వివక్షను నిందించే అర్హత మనకు ఎక్కడిది? పొరుగువాడి హక్కును ధర్మంలో భాగంగా బోధించే సమాజం మనది. ఖాళీ ఇళ్ల వివరాలు మస్జిద్ కమిటీల వద్ద నమోదు కావాలి. అడ్వాన్సు రెండు నెలలు మించరాదు. ఒప్పందం కాగితంపై ఉండాలి. మన ఇల్లు అడగవచ్చిన ఆదివాసీ సోదరుడికి, దళిత సోదరుడికి, హిందూ సోదరుడికి మన తలుపు తెరుచుకోవాలి.

వేరు గల్లీలు మనకు పరిష్కారం కావు. మనం కోరేది ప్రత్యేకమైన వీధి కాదు. అందరి వీధిలోనే, అందరిలాగే, అద్దె చెల్లించి ఉండగలిగే ఒక ఇల్లు.