గొంతునొప్పియు గుండెకవాటమును

మానవులను పీడించు సూక్ష్మజీవులలో స్ట్రెప్టోకాకస్‌కు గల చరిత్ర సామాన్యమైనది కాదు. 1847లో వియన్నా ప్రసూతి వైద్యశాలయందు వైద్యుడగు సెమ్మెల్‌వైస్, బ్లీచింగు పొడి కలిపిన నీటితో విద్యార్థులచే చేతులు కడిగించి బాలింతల మరణములను తగ్గించినప్పుడు, ఆయన తఱిమివేసినది ముఖ్యముగా ఈ క్రిమినే యైనను, ఆ సంగతి ఆయనకు తెలియదు. 1879లో పాశ్చరు, పూసలు గ్రుచ్చిన దండవలె నుండు దాని రూపమును నల్లబల్లపై గీసి చూపి, సూతికాజ్వరమునకు కారణమిదియే యని చాటెను. నేడు సంపన్నదేశములలో దాని దెబ్బ చాల తగ్గినది. మన దేశమున మాత్రము అది బీదపిల్లల కంఠము మీదుగా గుండెను చేరుచునే యున్నది.

గుండెను చేరుచున్నదనుటకు వైద్యులొప్పుకొనరు. క్రిమి గొంతులోనే యుండును, గుండెపై పడునది దానిని చంపుటకు శరీరము సిద్ధపఱచిన రక్షణశక్తి. ఐదు మొదలు పదునైదేండ్ల ప్రాయపు బిడ్డకు ఎ-వర్గపు స్ట్రెప్టోకాకస్ వలన గొంతు వాచి, నాలుగు దినములలో తగ్గి, తల్లిదండ్రులు ఆ సంగతియే మఱచిన రెండు మూడు వారములకు, క్రిమి పైపొరయందలి మాంసకృత్తునకును గుండెయందలి మాంసకృత్తునకును గల పోలికచే భ్రమపడిన యా శక్తి స్వదేహముపైననే తిరుగబడగా, మోకాళ్లు, చీలమండలు వాచి జ్వరము వచ్చును. దీనినే వాతజ్వరమందురు. కీళ్లవాపు పూర్తిగా మానును. కవాటమునకు పడిన మచ్చ మానకపోవచ్చును. ఎందఱో యువతులకు, గర్భము నిలిచి రక్తపరిమాణము పెరిగి ఆయాసము కలిగినప్పుడుగాని తమ కవాటము బిగిసిపోయినదని తెలియదు.

వింత యేమనగా, ఎనుబదియేండ్లుగా పెన్సిలిన్ వాడుచున్నను, దానిని తట్టుకొనుట ఈ ఎ-వర్గపు క్రిమికి నేటికిని చేతకాలేదు. తక్కిన క్రిములెన్నియో మందులను ధిక్కరించుచున్న కాలమున ఇట్టి సదవకాశము అరుదు. గొంతునొప్పి మొదలైన తొమ్మిది దినములలోపల పెన్సిలిన్ పడినచో వాతజ్వరమును నివారింపవచ్చును. ఒకమాఱు వచ్చినవారికి మూడు వారములకొక బెంజథీన్ పెన్సిలిన్ సూది, ఏండ్లతరబడి వేయవలెను. తెల్లగా, చిక్కగా నుండు ఆ మందు సన్నసూదిలో అడ్డుపడి దిగదు. లావుసూదితో పిఱుదుకండలోనికి మెల్లగా ఎక్కింపవలెను. బిడ్డ ఒకటి రెండు దినములు కుంటును. అరుదుగా సంభవించు తీవ్రమైన ఎలర్జీకి వెఱచి పలువురు వైద్యులు దీని జోలికి పోరు. లాభము స్వల్పమగుటచే తయారుచేయు కంపెనీలును కొద్ది.

2007లో ఆంధ్రప్రదేశమున మొదలైన ఆరోగ్యశ్రీ పథకము కవాటమార్పిడి శస్త్రచికిత్సను ఉచితముగా చేయించి బీదకుటుంబములను అప్పులనుండి కాపాడినది. దానిని చిన్నబుచ్చుట నా యుద్దేశము కాదు. కాని లోహకవాటము అమర్చబడినవారు బ్రతికినన్నాళ్లును రక్తము గడ్డకట్టనీయని మాత్రలు మ్రింగుచు, రక్తము గడ్డకట్టు కాలమును కొలుచు పీటీ-ఐఎన్‌ఆర్ పరీక్షకై ఆసుపత్రుల చుట్టు తిరుగవలసినదే. శస్త్రచికిత్సకు పెద్దమొత్తములు వెచ్చించు ప్రభుత్వము, స్వల్పమూల్యముగల సూదిమందు ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునను ఎడతెగక దొరకునని పూచీపడకున్నచో, అది పొదుపును కాదు, దయయు కాదు. 2018లో ప్రపంచ ఆరోగ్యసభ వాతజ్వర నివారణకై తీర్మానము చేసినది. తీర్మానమును పల్లెలోని బిడ్డవఱకు తీసికొనిపోవలసినవారు మన వైద్యాధికారులే.

ప్రతి గొంతునొప్పికిని పెన్సిలిన్ వేయుమని నేననుట లేదు. వానిలో అధికభాగము వైరసుల పనియే, ముక్కు కారుట, దగ్గు దానికి గుర్తులు. అవి లేకుండ హఠాత్తుగా జ్వరము, మ్రింగలేనంత నొప్పి, దవడక్రింద తాకిన నొచ్చు బిళ్లలు కనబడినప్పుడు, పసుపుపాలతోను ఉప్పునీటి పుక్కిలింతతోను సరిపెట్టక, వారము తిరుగకమునుపే బిడ్డను వైద్యునకు చూపుడు. మూడువారముల సూది వ్రాసియున్న బిడ్డకు పరీక్షలనియు పండుగలనియు ఒక్కమాఱైనను తప్పింపకుడు.