ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ

పాతబస్తీలో బరాత్ కదిలిందంటే మర్ఫా మోగాల్సిందే. తోలు వాద్యాల హోరు నడుమ స్టీలు బిందె మీద చెక్కతో కొట్టే దరువు గల్లీ చివరిదాకా వినబడుతుంది. కాసేపు బిగదీసుకుని నిలబడ్డ మామలు కూడా చివరికి రుమాలు తీసి గాల్లో తిప్పుతారు. యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు నిజాం కొలువుకు వస్తూ వెంట తెచ్చుకున్న దరువు అది. ఆడేవాళ్లలో ఆ సంగతి ఎరిగినవాళ్లు ఎందరు?

మాసబ్ ట్యాంక్ పక్కన ఆ సిద్దీల బస్తీ ఏసీ గార్డ్స్ ఉంది. ఆ ఏసీ చల్లగాలి యంత్రం కాదు, ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి సంస్థానం నుంచి నిజాంకు చేరిన అశ్వదళం. 1948లో హైదరాబాద్ భారత్‌లో కలిశాక దళం పోయింది, మనుషులు అక్కడే ఉండిపోయారు. పేరులో రెండు పొడి అక్షరాలు మిగిలాయి.

నవంబరు 2న, సమాధుల పండుగకు, మన క్రైస్తవ ఇళ్లలో సున్నం డబ్బా బయటికి వస్తుంది. తాతల పేర్లు తుడిచి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగిస్తాం. ఆ రోజు ఏసీ గార్డ్స్ పెద్దలతోపాటు నాకు యిర్మీయా గ్రంథం 38వ అధ్యాయం గుర్తొస్తుంది. ప్రవక్తను బురద గోతిలోకి దించేస్తే, రాజు దగ్గరికి వెళ్లి మాట్లాడినవాడు కూషు దేశస్థుడు, అంటే ఆఫ్రికావాడు. తాడు ఒక్కటే వేసి లాగలేదాయన. చంకలు ఒరుసుకుపోకుండా కింద పెట్టుకొమ్మని చిరిగిన పాతగుడ్డలు వెదికి మరీ అందించాడు. ఆయన పేరు ఎబెద్మెలెకు, అంటే రాజు దాసుడు. అది కొలువు పేరే గాని, తల్లి పెట్టిన పేరులా లేదు. ఏసీ గార్డ్స్ కథా అంతే.

హైదరాబాద్ సిద్దీల్లో ఎక్కువమంది నమాజు చేసేవారే. వాళ్ల పెద్దలను గౌరవించడానికి మన ప్రార్థన, వాళ్ల ప్రార్థన ఒకటే కానక్కర్లేదు. ఉత్తర కన్నడ సిద్దీల్లో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ముగ్గురూ ఉన్నారు. పోయిన పెద్దలను ‘హిరియరు’ అని, కొబ్బరికాయ నిలిపి కొలిచే ఆచారం వాళ్లది. మనం పెద్దలకు పెట్టడం అంటామే, దానికి దగ్గరి చుట్టమే.

బల్దియా వారికి ఒక మనవి. ఏసీ గార్డ్స్ బోర్డు మీద ‘ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్’ అని పూర్తిగా రాయించండి. ఒక్క డబ్బా పెయింటు చాలు.