పంతులుగారి రెండు పుస్తకాలు
వీరేశలింగం పంతులు నవల ‘రాజశేఖర చరిత్రము’ను నేటి పాఠకుడు గౌరవంగా చదివి పక్కన పెడతాడు. అదే చెయ్యి ఆయన ఆత్మకథ ‘స్వీయ చరిత్రము’ తెరిచిందా, ఆయనతో పోట్లాట మొదలు. ఆ పోట్లాటే మేలు. 1878లో ఆయన పత్రిక ‘వివేకవర్ధని’లో మొదలైన ‘రాజశేఖర చరిత్రము’కు గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ప్రేరణ అన్నది తెలిసిందే. అయినా ధవళేశ్వరం మనదే, పొగడ్తలకు కరిగిపోయే రాజశేఖరుడూ మనవాడే. బంగారం చేసిపెడతానని ఇల్లు గుల్లచేసే బైరాగి ఘట్టం చదివితే గొలుసుకట్టు పథకాల్లో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఇవాళ కూడా ఉలిక్కిపడతారు. కష్టాలన్నీ తీరి అందరూ ఒకచోట చేరేసరికి మాత్రం కథ పట్టు సడలుతుంది. ఆత్మకథకు అలా అన్నీ చక్కబెట్టుకునే వెసులుబాటు లేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన ఆ రోజుల్లో, వెలికి భయపడి వంటవాళ్లూ నీళ్లు తెచ్చేవాళ్లూ పంతులుగారి గడప తొక్కడం మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మే వండారు, గోదావరి నుంచి నీళ్లూ మోశారు. ఎవరు అండగా నిలిచారో, ఎవరు మాట తప్పారో పంతులుగారు ఒక్కటీ వదలరు. తగాదాల పద్దులు చదవడానికి ఓపిక కావాలి (తనదే ఒప్పన్న ధోరణి భరించడానికి ఇంకాస్త ఎక్కువే కావాలి). అయినా నవలలోని ఏ స్త్రీ పాత్రా ఆ బిందె మోసిన మనిషంత దగ్గరగా రాదు. తొలి తెలుగు నవలల్లో ఒకటంటూ తారీఖులు బట్టీ పట్టించే కాలేజీ పాఠాలు, ముందు ఆత్మకథలోని ఆ పెళ్లి పుటలు చదివించి, నవలను ఆ తర్వాత చేతికివ్వాలి.