సర్కారు వకీలా? ప్రజాభియోక్తయా?

పబ్లిక్ ప్రాసిక్యూటరను పదమును మనవారు ‘సర్కారు వకీలు’ అనియు, ‘ప్రభుత్వ న్యాయవాది’ అనియు తెనిగించుచున్నారు. ఈ వాడుక సరియైనది కాదని మా యభిప్రాయము. ఆంగ్లపదమున నున్నది ప్రజయే కాని ప్రభుత్వము కాదు. ఆతనిని నియమించునది ప్రభుత్వమే. అయినను నియమించినవారి యిచ్ఛను నెరవేర్చుట యాతని ధర్మము కాదు. ముద్దాయికి ఎట్లైనను శిక్ష వేయించుటయు కాదు. సత్యము ముద్దాయి కనుకూలమైనను దానిని న్యాయస్థానము ముందుంచుటయే యాతని విధి.

ఒక్క మాటకై యింత వాదమేల యందురా? అభియోగమునుండి విరమించు నధికారమును 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 321వ సెక్షను మంత్రుల కీయలేదు. ఈతనికే యిచ్చి, న్యాయస్థానపు సమ్మతి యుండవలె ననెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 360వ సెక్షను ఈ నియమమును నిలిపి, బాధితుల మాటయు వినవలెనని చేర్చినది. పైనుండి యుత్తరువు రాగానే చేవ్రాలు చేయువాడు సర్కారు వకీలు. తన వివేకముతో నిర్ణయించువాడు ప్రజాభియోక్త.

పేరు మార్చినంతమాత్రమున మనుష్యుడు మారడు, నిజమే. కాని యే పేర పిలుతుమో, ఆ పేరునకు దగిన నడవడిని కోరు హక్కు ప్రజలకు కలుగును.