కింది ఊరు తాగే నీరు

గోదావరి మధ్య డెల్టాలో కాలువ గట్టున బతుకుతున్న ఊరివాళ్లం మేం. రైతులు, కూలీలు, డ్వాక్రా మహిళలు, బడి పంతుళ్లు, పారిశుద్ధ్య కార్మికులు కలిసి కూర్చుని ఒప్పుకున్న మాటలివి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మా సాగూ తాగునీరూ కాలువ మీదే నడుస్తున్నాయి. మంచినీళ్ల చెరువు నిండేది దాంతోనే, వీధుల మురుగు కలిసేదీ దాంట్లోనే. మా ఊరు దాటిన నీళ్లు మరో ఊరి చెరువుకెక్కుతాయి. అందుకని శివారు ఊరి బిందెలోకి చేరే నీటికి మేం పూచీ పడుతున్నాం. పై ఊరు బాగుపడేదాకా చూస్తూ కూర్చోం.

జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలి. అందులో 80 శాతం మురుగుగా తిరిగొస్తుందన్నది ఇంజనీర్ల అంచనా. 3,000 మంది ఉన్న ఊళ్లో అది రోజుకు 1,32,000 లీటర్లు. కుళాయిలకు అంచనా వేసే కాగితం మీదే ఆ నీళ్లు పోయే దారి కూడా గీయాలి.

ఒకే నమూనా పట్టుకుని ఊరూరా ఇంకుడు గుంతలు తవ్వించడాన్ని మేం ఒప్పుకోం. మెట్ట ప్రాంతంలో అవి మేలు చేస్తాయి. ఇక్కడ వానాకాలంలో కాస్త తవ్వితే చాలు, నీరు ఊరుతుంది. అలాంటి నేలలో మరుగుదొడ్డి నీళ్లు ఇంకిస్తే అవి చేరేది పక్కింటి చేతిపంపులోకే.

మాకు కావలసినవి ఊరి చివర వరుసగా మూడు మురుగు చెరువులు. మొదటిది లోతైనది. అందులో మడ్డి అడుగుకు దిగితే గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెడతాయి. రెండోదాంట్లో ఎండకు నాచు పెరుగుతుంది, అది వదిలే ఆక్సిజన్‌తో వేరే సూక్ష్మజీవులు మిగిలిన మలినాన్ని తింటాయి. మూడోది లోతు తక్కువ కాబట్టి ఎండ బాగా దిగి రోగక్రిములు చాలావరకు చస్తాయి. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. స్థలం మాత్రం కావాలి, కోనసీమలో సెంటు భూమి ఎంత పలుకుతుందో అందరికీ తెలుసు. అయినా పంచాయతీ భూమి ఆక్రమణలకు పోతుంటే ఊరుకుని, మురుగుకు చోటు లేదనడం న్యాయం కాదు. చోటు నిజంగా చాలకపోతే కంకర పరుపులో జమ్ము, మెట్టతామర పెంచుదాం. ఏది కట్టినా అడుగున బంకమట్టి వేసి దిమ్మిస కొట్టాలి. 1986, 2022 వరదలను మనసులో పెట్టుకుని గట్ల ఎత్తు తేల్చాలి. గుర్రపుడెక్క కమ్మితే ఎండ ఆగిపోతుంది, దోమలు పెరుగుతాయి. దాన్ని తీసే మనిషికి పంచాయతీ బడ్జెట్‌లో నెల జీతం రాసి ఉండాలి. పని ప్రారంభించి ఫొటోలు దిగి వెళ్లిపోయే పద్ధతి మాకొద్దు.

స్వచ్ఛ భారత్ రెండో దశలో 5,000 లోపు జనాభా ఉన్న ఊళ్లకు వాడేసిన నీటి పనుల కోసం తలకు 280 రూపాయల వరకు ఉంది. ఆ డబ్బు ఎటు ఖర్చయిందో గ్రామసభలో చదివి వినిపించాలి.

రక్షణ సామగ్రి లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. సామగ్రి ఉన్నా మేం దించం, లారీ మిషనే రావాలి. తోడిన మడ్డిని ఆ లారీ రాత్రిపూట డ్రెయిన్‌లో వదిలితే అడ్డం నిలబడతాం.

స్నానానికి పనికొచ్చే నీటిలో బీఓడీ, అంటే మలినాన్ని తినే సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్, లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. మా ఊరి మురుగు తూము దగ్గర, దానికి పైన, కింద నీళ్లు పరీక్ష చేయించి ఫలితం పంచాయతీ గోడ మీద రాస్తాం, కింది ఊరి సర్పంచికీ పంపుతాం. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పారే నీరుండదు, పడిన మురుగు పడినచోటే నిలుస్తుంది. ఆ రోజుల్లో శుద్ధిచేసిన నీటిని కూడా కాలువలోకి వదలం, కొబ్బరి తోటలకూ పశుగ్రాసానికీ పెడతాం.

2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్ల మెట్లకు రంగులు వేయించే ముందు, ఆ ఘాట్ల పక్కన నదిలో కలిసే మురుగు తూముల జాబితాను అధికారులు బయటపెట్టాలి. ఒక్కో తూమును ఎప్పటికి మళ్లిస్తారో దాని ఎదుట తేదీ రాయాలి.