ముల్లు కదిలితే చాలునా?

మన పెద్దలు ఈ యుగాన్ని విజ్ఞానయుగమన్నారు. నేటివారు సమాచారయుగమంటున్నారు. పేరు ఏదైనా, ఒక మార్పు మన కళ్లయెదుటనే జరిగింది. నిన్న కురిసిన వాన ఎంతో తెలియడానికి మరునాటి వార్తాపత్రిక కొరకు వేచి ఉండవలసిన కాలం పోయింది. తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సొసైటీ మన రాష్ట్రంలో వెయ్యికి పైగా స్వయంచాలిత వాతావరణ కేంద్రాలను నడుపుతున్నది. ఉష్ణోగ్రత, తేమ, గాలివేగం, వర్షపాతం మనిషి చేయి పడకుండానే కొలవబడి అంతర్జాలానికి చేరుతున్నాయి. చలికాలం రాగానే మన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని సిర్పూర్ (యు), తిర్యాణి మండలాల పేర్లు రాజధాని పత్రికలకెక్కడం వెనుక ఉన్నది ఈ కేంద్రాల అంకెలే.

ఈ అంకెలను నేడు గడియారపు ముఖం వంటి గుండ్రని బొమ్మలలో చూపే పద్ధతి వ్యాపించింది. ముల్లు పచ్చరంగు నుండి పసుపునకు, పసుపు నుండి ఎరుపునకు కదులుతుంది. చూడ ముచ్చటగా ఉంటుంది. మన విద్యార్థులలో పలువురు ఇటువంటి పుటలను తామే తయారుచేయాలని ఉత్సాహపడుతున్నారు. ఆ ఉత్సాహాన్ని మేము మనసారా అభినందిస్తున్నాము. అయితే ముల్లు కదలడంతో పని పూర్తి అయినట్లేనా అన్నది మా ప్రశ్న.

ముందుగా దీని పనితీరు కొంత తెలుసుకొందాము. సెన్సార్ అనునది వేడిని, తేమను, ఒత్తిడిని విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న పరికరం. వర్షమాపకంలో ఒక చిన్న దొప్ప ఉంటుంది. నిర్ణీతమైన కొద్దిపాటి నీరు నిండగానే అది ఒరిగిపోయి, ఒక సంకేతాన్ని పంపుతుంది. ఎన్నిసార్లు ఒరిగినదో లెక్కించితే వాన ఎంతో తెలుస్తుంది. ఈ సంకేతాన్ని ఒక చిన్న కంప్యూటరు పలక అంకెగా మార్చి, తంతి లేకుండానే దూరాన ఉన్న సర్వర్‌కు చేరవేస్తుంది. చూచేవారి తెరపై నడిచే ప్రోగ్రాము ఆ అంకెను తీసుకొని ముల్లు ఎంత కోణం తిరగాలో నిర్ణయించి బొమ్మ గీస్తుంది. 1991లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు పరిశోధకులు, కాఫీ పాత్ర నిండుగా ఉన్నదో లేదో తమ గదుల నుండే చూడడానికి దాని ఎదుట ఒక కెమెరా పెట్టుకొన్నారు. 1993లో ఆ దృశ్యం అంతర్జాలానికి చేరి లోకప్రసిద్ధమైంది. దూరాన జరుగుచున్నదానిని జరుగుచుండగానే చూడాలన్న కోరిక అంత చిన్న అవసరం నుండి కూడా పుట్టగలదు. నేడు దానిపై ప్రాణాలు ఆధారపడుతున్నాయి.

అంకె ఉండగా ముల్లు ఎందుకని కొందరు అడుగవచ్చును. భద్రాచలం వద్ద గోదావరిని చూడండి. నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పెరిగింది. ఈ హద్దులు ఎరుగని బాటసారికి 47 అన్న అంకె ఏమీ చెప్పదు. రెండవ గీతకు ఒక్క అడుగు దూరంలో నిలిచిన ముల్లు మాత్రం చదువురాని వానికి కూడా చెప్పవలసినది చెబుతుంది. ముల్లు గొప్పతనం ఇదే. అంకెకు ఒక ఎల్ల చూపించి, ఆ ఎల్లకు మనము ఎంత దగ్గరగా ఉన్నామో చెబుతుంది.

కాని ముల్లు ఒక సాక్షి మాత్రమే. సాక్షిని ప్రశ్నించకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఈ సాక్షిని అడుగవలసిన ప్రశ్నలు మా దృష్టిలో ఐదు ఉన్నాయి.

మొదటిది: నీవు ఎక్కడ నిలబడి చూచితివి? 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు అడుగుభాగాననే ఉన్నదని, పైభాగాన వేడి పెరుగుచున్న సంగతి దానికి అందలేదని విచారణలో తేలింది. ముల్లు అబద్ధమాడలేదు. తాను ఉన్నచోటి నిజమే చెప్పింది. మనుష్యులు దానిని ట్యాంకు అంతటి నిజమని భావించారు.

రెండవది: నీవు కొలిచినది దేనిని? 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో ఒక కవాటం తెరుచుకొని, మరల మూసుకొనక అట్లే ఉండిపోయింది. నియంత్రణ గదిలోని దీపం మాత్రం అది మూసుకొన్నట్లే తోపజేసింది. ఆ దీపం కవాటపు స్థితిని చూపడానికి కాక, మూసుకొమ్మని పంపిన ఆజ్ఞను చూపడానికి అమర్చబడినది. ఆజ్ఞ వేరు, ఆచరణ వేరు. ఈ తేడా ఎరుగక అక్కడివారు గంటల తరబడి దారి తప్పారు.

మూడవది: నీవు ఎంతవరకు లెక్కించగలవు? 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ ప్రమాదం జరిగిన రాత్రి అక్కడివారి చేతిలో ఉన్న వికిరణ మాపకాలు గంటకు 3.6 రాంట్‌జెన్‌లకు మించి చూపలేనివి. ముల్లు చివరి గీత వద్ద ఆగిపోయింది. వికిరణం అక్కడ ఆగలేదు. చివరి గీతను తాకిన ముల్లు "ఇంత" అని చెప్పదు, "ఇంతకు మించి" అని మాత్రమే చెబుతుంది. బొమ్మ గీసే విద్యార్థి ఈ భేదాన్ని తెరపై స్పష్టంగా చూపాలి.

నాలుగవది: నీవు ఎప్పుడు చూచితివి? ఆగిపోయిన గడియారం కూడా ఏదో ఒక సమయం చూపుతూనే ఉంటుంది. బ్యాటరీ అయిపోయినా, సెల్ టవరు పనిచేయకపోయినా, కొన్ని పుటలలో ముల్లు చిట్టచివర వచ్చిన అంకె వద్దనే నిబ్బరంగా నిలిచి ఉంటుంది. చూచేవాడు వాతావరణం ప్రశాంతంగా ఉన్నదనుకొంటాడు. కొలిచిన గంట, నిమిషం ముల్లు క్రిందనే వ్రాయాలి. వార్త పాతబడితే ముల్లు రంగు వెలిసిపోవాలి. 2024 సెప్టెంబరులో మన జైనూరులో అంతర్జాల సేవలు కొన్ని దినములు నిలిపివేయబడిన సంగతి చదువరులు ఎరుగుదురు. అటువంటి దినములలో తెరను నమ్ముకొన్న ఊరు కళ్లకు గంతలు కట్టుకొన్నట్లే.

ఐదవది అన్నిటికంటె ముఖ్యం: నీవు ఎవరికి చెప్పితివి, ఏ భాషలో చెప్పితివి? 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్ యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో విషరసాయనపు ట్యాంకు ఒత్తిడి సుమారు 11 గంటలకే చదరపు అంగుళానికి 2 పౌండ్ల నుండి 10 పౌండ్లకు పెరిగింది. మీటరు ఆ మాట చెప్పింది. లోపలివారు దానిని అసాధారణమని ఎంచలేదు. గోడ ఆవలి బస్తీలలో నిద్రిస్తున్న వేలాది కుటుంబాలకు ఆ మీటరు కనబడే అవకాశమే లేదు. కొలత ఎవరి ప్రాణానికి సంబంధించినదో వారికే కనబడకపోవడం కంటె పెద్ద లోపం లేదని మా నిశ్చితాభిప్రాయం.

కనబడినా అర్థం కాకపోతే ప్రయోజనం లేదు. నేడు మన విద్యార్థులు తయారుచేసే పుటలలో అక్షరమంతా ఇంగ్లీషే. ఇది మన ప్రాంతపు సంప్రదాయానికి తగినది కాదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్య బోధించింది. అందుకొరకే దారుల్ తర్జుమా సంస్థ శాస్త్రగ్రంథాలను అనువదించి, కొత్త శాస్త్రపదాలను కూర్చింది. మన మండలంలోని మార్లవాయిలో 1943లో హైమన్‌డార్ఫ్ పండితుడు గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభింపజేసి, గోండీ భాషలోనే వాచకాలు సిద్ధం చేయించాడు. మనకు పొరుగున నార్నూరు మండలం గుంజాలలో దొరికిన వ్రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించింది. అందులో గోండీ అంకెలకు కూడా వేరుగా రూపాలున్నాయి. అనగా తెలుగు, ఉర్దూ, గోండీ మూడింటిలోనూ ముల్లు క్రింద మాట వ్రాయడానికి సాధనం సిద్ధంగా ఉన్నది. కావలసినది సంకల్పమే.

చేతిలోని ఫోను అన్నీ చూపుచుండగా కళాశాలకు ఈ శ్రమ ఎందుకని ఆక్షేపణ రావచ్చును. ఫోనులో కనబడే ఉష్ణోగ్రత చాలవరకు దూరపు పరిశీలనల నుండి లెక్కగట్టిన అంచనా. మన గోడ ప్రక్కన కొలిచినది కాదు. కొండలు, అడవులు ఉన్న మన ఏజెన్సీ ప్రాంతంలో ఒక లోయకు, దాని ప్రక్క గుట్టకు వాతావరణం ఒకటి కాదు. ప్రభుత్వ కేంద్రం మండలానికి చెప్పగలదు గాని, మన విద్యార్థి దాటే వాగు గురించి చెప్పలేదు. పైగా కొన్ని వందల రూపాయలతో దొరికే చిన్న పలకతో, సెన్సార్‌తో విద్యార్థి నేర్చుకొనే పాఠం ఏ వాచకంలోనూ దొరకదు. ఆ సెన్సార్ అర డిగ్రీ అటూ ఇటూ తప్పవచ్చునని తయారీదారులే చెబుతారు. తప్పు ఎంతవరకు సహజమో తెలుసుకొనడం శాస్త్రవిద్యకు మొదటి మెట్టు.

కావున కళాశాల కార్యవర్గ పెద్దల ముందు మేము కొన్ని సూచనలు ఉంచుతున్నాము. ఆవరణలో ఎండ నేరుగా తగలనట్లు, గాలి మాత్రం ఆడునట్లు జాలీ పలకలు గల తెల్లని పెట్టెలో ఉష్ణోగ్రత సెన్సార్ అమర్చాలి. గోడకు ఆనించితే అది గోడ వేడినే చెబుతుంది. ప్రక్కన వర్షమాపకం ఉండాలి. గ్రంథాలయపు తెరపై ముల్లు బొమ్మ, దాని క్రింద స్థలం, సమయం, కొలత పరిధి మూడు భాషలలో ఉండాలి. ఎరుపు ఎక్కడ మొదలు కావాలో విద్యార్థి ఇష్టానికి విడువరాదు. వాతావరణ శాఖ ప్రకటించే హద్దులను అనుసరించాలి. అన్నిటికంటె మిన్నగా, ద్వారం వద్ద ఒక నల్లబల్ల పెట్టి, రోజుకు రెండు పూటలు సుద్దముక్కతో ఆ అంకెలను వ్రాయించాలి. కరెంటు పోయినా, అంతర్జాలం నిలిచినా ఆ బల్ల చెరగదు. పిల్లలు దాటే వాగుల వంతెనలకు గ్రామపంచాయతీ అనుమతితో రంగుగీతల కొలబద్దలు గీయించితే, సెన్సార్ తరువాత చేర్చుకొనవచ్చును.

విద్యార్థి మిత్రులారా! మీరు గీయబోయే ముల్లును చూచి ఒక తల్లి తన బిడ్డను ఆ పూట వాగు దాటి బడికి పంపాలో వద్దో నిర్ణయించుకొనవచ్చును. ఆమె ఆ ముల్లును నమ్మేది దాని సొగసును చూచి కాదు, దాని వెనుక మీరున్నారన్న భరోసాతో. ఆ నమ్మకానికి తగినట్లు కొలవండి, కొలిచిన వేళను దాచకుండా వ్రాయండి, ఆమె ఇంటి భాషలో చెప్పండి. అప్పుడే ముల్లు కదలికకు అర్థం ఉంటుంది.